కట్టప్ప సంగతి సరే, కాలకేయులు ఎవరు?

బాహుబలి మొదటి భాగం 2015 జూలైలో వచ్చింది. రెండో భాగం 2017 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ రెంటి మధ్య తెలుగువాళ్ళంతా ఒకే ప్రశ్న అడిగారు: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? మన ఆశ్రమ పాఠశాలల వరండాల్లో, హాస్టల్ గదుల్లో, సంతరోజు టీకొట్ల దగ్గర కూడా అదే మాట. జవాబు దొరికాక చర్చ ఆగిపోతుందనుకున్నాం. ఆగలేదు. ఈసారి ఏ పాత్ర భారతంలోని ఏ పాత్రకు పోలిక అన్న దాని మీదికి మళ్ళింది. మనవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే ఇప్పటికీ అది మొదలవుతూనే ఉంది.

భల్లాలదేవుడు దుర్యోధనుడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. బిజ్జలదేవుడి దగ్గర తగవు వస్తుంది. అవిటితనం వల్ల సింహాసనం దక్కలేదు కాబట్టి ధృతరాష్ట్రుడని ఒకరంటే, పక్కన కూర్చుని విషం నూరిపోశాడు కాబట్టి శకుని అని ఇంకొకరు. పాతికేళ్ళు సంకెళ్ళలో ఉండి పగ మరవని దేవసేన ద్రౌపది అని కొందరు, చెరలో ఉంది కనుక సీత అని కొందరు. నీళ్ళలో మునిగిపోతూ కూడా పసివాణ్ణి చేత్తో పైకెత్తి పట్టుకున్న శివగామిని చూసి, యమునలో నడిచిన వసుదేవుణ్ణి గుర్తుచేస్తారు. కట్టప్ప భీష్ముడు. ఇచ్చిన మాటకు కట్టుబడి, అన్యాయమని తెలిసీ సింహాసనం పక్కనే నిలబడ్డాడు గనక.

ఈ చర్చను మేము ఎగతాళి చెయ్యడం లేదు. మేమూ చేశాం, గట్టిగా అరిచి మరీ చేశాం. చూసిన కథను పాత కథ పక్కన పెట్టి కొలవడం మంచి చదువరి లక్షణమే. మహాభారతం ప్రభావం తన మీద ఉందని దర్శకుడు రాజమౌళే ఎన్నోసార్లు చెప్పారు. కనుక పోలికలు వెతకడంలో తప్పులేదు. మా పేచీ వేరే. ఇన్నేళ్ళుగా ఇంతమంది ఇన్ని పాత్రలకు పోలికలు వెతికారు. రాజులకు, రాణులకు, సేనాపతులకు, రాజమాతలకు అందరికీ దొరికాయి. మరి కాలకేయులకు? జలపాతం కింది గూడెంలో ఆ రాజబిడ్డను పెంచిన సంగకు, ఆమె మనుషులకు? వాళ్ళెవరన్న ప్రశ్న ఆ చర్చల్లో ఒక్కసారీ మా చెవిన పడలేదు.

మాకు ఆ ప్రశ్న ఊరికే తట్టలేదు. సినిమా వచ్చిన ఏడాది ఒక మైదాన ప్రాంతపు హాస్టల్లో మనవాడు ఒకడికి 'కాలకేయ' అని పేరు పెట్టారు. నల్లగా ఉంటాడు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు తల్లితో తన భాషలో మాట్లాడతాడు. అంతే, అంతకంటే కారణం లేదు. వాడు ఫోన్ పట్టుకున్నాడంటే చాలు, చుట్టూ చేరి నాలుకతో టకటకమని చప్పుడు చేసేవాళ్ళు. నెల తిరగకుండానే వాడు తల్లితో తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆమెకు సగమే అర్థమయ్యేది. ఆ పిల్లల్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. పోలిక వెతకడం వాళ్ళకీ వచ్చు, తెరమీద చూసిన నల్లటి గుంపుకు తమ గదిలో పోలిక వెతుక్కున్నారు. పెద్దలు అడగని ప్రశ్నకు పిల్లలు జవాబు చెప్పేశారు.

సరే, భారతమే తెరుద్దాం. కాలకేయులన్న పేరు సినిమావాళ్ళు పుట్టించింది కాదు. అరణ్యపర్వంలో ఉంది. వాళ్ళు దానవులు, వాళ్ళ ఊరు హిరణ్యపురం. నివాతకవచులను చంపి తిరిగి వస్తున్న అర్జునుడికి దారిలో ఆ ఊరు కనబడుతుంది. అదెవరిదని మాతలిని అడుగుతాడు. దేవతలు జయించలేని దానవులదని తెలుసుకుని దాని మీద పడతాడు. ఊరు కూలిపోతుంది. మగవాళ్ళు చనిపోతారు. ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని ఏడుస్తూ బయటికి వస్తారు. ఇదంతా అర్జునుడే అన్నకు తన విజయంగా చెప్పుకుంటాడు.

ఇప్పుడు సినిమా గుర్తు తెచ్చుకోండి. అందులో కాలకేయులు ఎక్కడినుంచో వచ్చి మాహిష్మతి మీద పడతారు. వాళ్ళకు ఊరు లేదు, పిల్లలు లేరు, ఏడ్చే ఆడవాళ్ళు లేరు. భారతంలో ఎవరు ఎవరి ఊరి మీదికి వెళ్ళారో, సినిమాలో అది తిరగబడింది. ఇంత పెద్ద మార్పు మీద ఒక్క అభిమానైనా వాదన పెట్టుకున్నాడా? బిజ్జలదేవుడు ధృతరాష్ట్రుడా, శకునా అని తెల్లవార్లూ కొట్టుకున్నవాళ్ళు, పేరుతో సహా భారతంలో ఉన్న ఒక జనాన్ని మాత్రం చూడకుండా దాటిపోయారు.

ఇక భాష. కాలకేయుల కోసం తమిళ గీతరచయిత మదన్ కార్కి కిలికి అనే భాషను తయారుచేశారు. దానికి వందల మాటలున్నాయి, వ్యాకరణ సూత్రాలున్నాయి. 2020లో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు దానికి లిపితో సహా ఒక వెబ్‌సైటు తెరిచారు. ఒక మనిషి కూర్చుని భాష అల్లడం గొప్ప పనే, అందుకు ఆయన్ని మెచ్చుకుంటాం. కానీ తెరమీద ఆ భాష చేసిన పని ఏమిటి? అర్థం కాకపోవడం. అర్థం కాని మాట మాట్లాడేవాడు భయపెట్టాలి, లేదా నవ్వించాలి. అందుకే థియేటర్లో జనం ముందు బెదిరారు, బయటికొచ్చి దాన్ని అనుకరిస్తూ నవ్వారు.

అదే దేశంలో 2011 జనగణన ప్రకారం దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. సంస్కృతం మాతృభాష అని ఆ జనగణనలో రాయించుకున్నవాళ్ళు పాతిక వేలలోపు. అది షెడ్యూలులో ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ లిపిలో తన పేరు రాయగల మన పిల్లలు ఎందరు? ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అని 8 భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు వేశారు. అవి మీ బడి బీరువాలో ఉన్నాయో, చెదలు తిన్నాయో, ఉపాధ్యాయ మిత్రులారా, మీరే చూసి చెప్పాలి. కిలికిలో నాలుగు ముక్కలు వచ్చిన మన కుర్రాడు కోలామిలో పది దాకా లెక్కపెట్టలేకపోతే ఆ తప్పు కుర్రాడిది కాదు.

ఇక సంగ సంగతి. అభిమానులు ఆమెకు ఒక పోలిక ఇచ్చామంటారు: యశోద. రాజబిడ్డను కన్నబిడ్డలా పెంచింది కాబట్టి. బాగానే ఉంది. కానీ ఆ గూడెం జనానికి కథలో ఉన్న పని అంతవరకేనా? అతను ఎవరో తెలిసిన రోజునుంచి ఆ గూడెం వెనక్కి వెళ్ళిపోతుంది. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం మళ్ళీ కనబడుతుంది, అతని తరఫున పోరాడడానికి. పట్టాభిషేకం అయ్యాక వాళ్ళ గూడేనికి ఏమైంది, వాళ్ళ కొండ ఎవరిదైంది అని ఎవరూ అడగరు.

ఆ గూడేనికి మా దృష్టిలో భారతంలో దగ్గరి పోలిక వేరే ఉంది. లక్క ఇల్లు గుర్తుందా? ఆ రాత్రి కుంతి పెట్టిన విందుకు ఒక నిషాద స్త్రీ అయిదుగురు కొడుకులతో వచ్చింది. తిని, తాగి అక్కడే నిద్రపోయారు. పాండవులు ఇంటికి నిప్పుపెట్టి సొరంగం గుండా వెళ్ళిపోయారు. తెల్లారి బూడిదలో కనబడిన ఆరు శవాలను చూసి ఊరంతా పాండవులు పోయారనుకుంది. రాజబిడ్డలు బతకడానికి మన తల్లి, ఆమె బిడ్డలు అయిదుగురు వాళ్ళ బదులు కాలారు. భారతం ఆమె పేరు కూడా చెప్పలేదు. ఘటోత్కచుడిదీ ఇదే దారి. అడవిలో పుట్టి అడవిలో పెరిగి, యుద్ధానికి పిలిస్తే వచ్చి, అర్జునుడి కోసం దాచిన శక్తికి తాను బలయ్యాడు. అతను పడిపోయినప్పుడు పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడని ద్రోణపర్వం దాచకుండా చెబుతుంది. ఏకలవ్యుడి బొటనవేలు సరేసరి. ఖాండవ వనం తగలబెట్టాక పాండవులకు ఎలాంటి సభ వచ్చిందో అందరికీ తెలుసు, ఆ అడవిలో ఎవరెవరు కాలిపోయారో ఎవరికీ పట్టదు. ఇవన్నీ పోలికలే. పైగా పుస్తకంలో ఉన్నవే. అభిమానులు ఎందుకు తియ్యరు?

సినిమాలో ఆ జలపాతానికి ఆధారమైంది కేరళలోని అతిరప్పిళ్ళి. ఆ చుట్టుపక్కల అడవి కాదర్ ఆదివాసులది. అక్కడ జలవిద్యుత్ ప్రాజెక్టు కడతామంటే కాదర్లు ఏళ్ళ తరబడి ఎదురు నిలిచారు. అటవీ హక్కుల చట్టం కింద వాళాచ్చాల్ ప్రాంతపు అడవిపై సామూహిక హక్కులు సాధించుకున్నారు. జలపాతం ఎక్కిన వీరుడి గురించి దేశమంతా మాట్లాడింది. దాని కింద నిజంగా బతుకుతూ దాన్ని కాపాడుకున్నవాళ్ళ గురించి మనమన్నా మాట్లాడామా?

కట్టప్ప దగ్గరికి మళ్ళీ వద్దాం. భీష్ముడితో పోల్చారే, ఆ పోలిక నిలుస్తుందా? భీష్ముడు రాజు కొడుకు. తన నోటితో తాను ప్రతిజ్ఞ చేశాడు. కట్టప్ప ఏ ప్రతిజ్ఞా చెయ్యలేదు. ఎప్పుడో అతని పూర్వీకులు ఇచ్చిన మాటకు అతను పుట్టుకతో బానిస. విడిపిస్తానని పరాయివాడు ముందుకొచ్చినా వెళ్ళడు. దాన్ని విశ్వాసం అంటూ మనం చప్పట్లు కొట్టాం. తాత చేసిన అప్పుకు మనవడు దొర పొలంలో పుట్టి, అక్కడే చావడాన్ని మన తాతలు ఏమన్నారు? విశాఖ ఏజెన్సీలో గొత్తి అన్నారు. తెలంగాణలో వెట్టి అన్నారు. 1976లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని నేరమంది. గొత్తి కింద నలిగిన ఇంటి బిడ్డలు కట్టప్పను చూసి భీష్ముడు అంటుంటే మాకు బాధ కలుగుతుంది. ఆ ఇంట్లోనే ముసలి తాత ఉంటాడు. కట్టప్ప ఎవరని ఆయన్ని అడిగితే ఒక్క మాటలో చెబుతాడు.

పోలికలతో పోయేదేముంది, కల్పన కదా అనేవాళ్ళకు ఇంకో సినిమా గుర్తుచేస్తాం. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. అందులో ఉన్నవి కల్పిత పేర్లు కావు. అల్లూరి సీతారామరాజు 1924లో చనిపోయాడు. కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం బలగాల కాల్పుల్లో నేలకొరిగాడు. ఇద్దరూ ఎన్నడూ కలవలేదు. కలిసినట్టు ఊహించడం కథకుడి ఇష్టం, మాకు అభ్యంతరం లేదు. కానీ పోలిక వచ్చి కూర్చోగానే ఏమైందో చూడండి. రామరాజు కాషాయం కట్టి, విల్లు పట్టి రాముడయ్యాడు. భీం అతన్ని భుజాల మీద మోసి, సీతను కలిసి వచ్చి, హనుమంతుడి స్థానంలోకి జరిగాడు. ఆ పోలిక ఎంత చక్కగా కుదిరిందో అభిమానులు మురిసిపోయారు. చివర్లో ఏం కావాలని రాముడు అడిగితే, భీం చదువు కావాలంటాడు.

జల్, జంగల్, జమీన్ అని జనాన్ని కూడగట్టిన మనిషి భీం. చంద్రపూర్‌లో అచ్చు పని చేసే ఒక పెద్దమనిషి దగ్గరా, ఆ తర్వాత అస్సాం తేయాకు తోటల్లోనూ ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితం రాసినవాళ్ళు రాశారు. తెరమీద మాత్రం అక్షరం కోసం చెయ్యి చాచాడు. భారత రామాయణాల చట్రంలో ఆదివాసీకి ఉన్న ఖాళీ అదొక్కటే: నాయకుడి పక్కన బలమైన, అమాయకుడైన భక్తుడు. ఆ ఖాళీలో భీంను కూర్చోబెట్టడానికి ఆయన చదువును తీసేయాల్సి వచ్చింది. రామరాజుతో కలిసి మన్యంలో పోరాడిన గాం గంటం దొర, గాం మల్లు దొర వంటి ఆదివాసీ నాయకులకైతే ఆ చట్రంలో ఆపాటి ఖాళీ కూడా లేకపోయింది. పోలికతో పోయేదేముందని అడిగారు కదా, ఇదీ పోయేది.

కాలకేయులు దుర్మార్గులు కాబట్టి ఓడిపోయారు, అందులో ఆదివాసులను ఎందుకు వెతుక్కుంటారు అని మనవాళ్ళే కొందరు అంటున్నారు. వెతుక్కున్నది మేము కాదని ముందే చెప్పాం. హాస్టల్లో పిల్లలు వెతికారు. రంగు, ఒంటిమీద పూసలు, ఎముకలు, అర్థంకాని భాష, గుంపుగా అరవడం... ఇన్ని గుర్తులు పెట్టి, ఇది ఎవరినీ ఉద్దేశించింది కాదంటే సరిపోతుందా? గుర్తులు చూసే కదా బిజ్జలదేవుణ్ణి ధృతరాష్ట్రుడంటున్నారు. అక్కడ పనికొచ్చిన గుర్తు ఇక్కడ ఎందుకు పనికిరాదు?

అలాగని భారతాన్ని అవతల పారెయ్యమని మేము చెప్పడం లేదు. అది మైదానం వాళ్ళ సొత్తేమీ కాదు. మధ్యభారతంలో గోండుల కోసం ప్రధాన్ గాయకులు పాడే పాండవానీలో పెద్ద వీరుడు భీముడు. మన గాయకులు ఆ కథను తీసుకుని తమకు నచ్చినట్టు తిప్పి పాడుకున్నారు. వాళ్ళకున్న ధైర్యం మనకు ఎక్కడ పోయింది? వాళ్ళు తమ కొలబద్ద చేతిలో పట్టుకుని ఎదుటి కథను కొలిచారు. మనం ఎదుటివాళ్ళ కొలబద్ద అరువు తెచ్చుకుని మనల్ని మనం కొలుచుకుంటున్నాం.

అందుకే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన కథల్ని గౌరవించడమంటే మన దేవతలకు పెద్ద పేర్లు తగిలించడం అనుకునే ప్రమాదం ఉంది. సమ్మక్క ఫలానా శక్తి అవతారం అని ఎవరో చెబితే మనం పొంగిపోతాం. మేడారంలో విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు కుంకుమభరిణె రూపంలో తల్లిని తెస్తారు. కరువులో పన్ను కట్టలేమన్న జనం పక్షాన కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచిన మనిషి ఆమె. కొడుకు జంపన్న పేరు వాగుకు నిలిచింది. ఆమె గొప్పతనానికి ఇంకొకరి పేరు పూచీ ఎందుకు? ఒకరి అవతారం అనగానే ఆ పన్ను, ఆ కరువు, ఆ యుద్ధం కథలోంచి జారిపోతాయి. రాజు మీద తిరగబడిన ఆడమనిషి, రాజులు కూడా మొక్కే దేవత అయిపోతుంది.

ఒక్కసారి కొలబద్ద తిప్పి చూద్దాం. గోండుల పహండి కుపార్ లింగో గుహలో బందీలైన దేవతలను విడిపించాడు. వాళ్ళను నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవర్ల సగలుగా ఏర్పరచి ఎవరితో ఎవరికి పెళ్ళి చెల్లుతుందో, ఎవరికి ఎవరు బాధ్యులో చెప్పాడు. ప్రధాన్లు కిక్రి మీద ఇప్పటికీ ఆ కథ పాడతారు. లింగో సింహాసనం ఎక్కలేదు. సింహాసనం ఎవరిదన్న తగవే ఆ కథలో లేదు. ఆ కథ తెలిసినవాడు బాహుబలి చూస్తే ఏమంటాడు? మహేంద్ర బాహుబలి లింగోకు సరితూగడంటాడు. సంకెళ్ళు తెంచాడు, బాగుంది, కానీ తెంచాక తానే రాజయ్యాడు, కట్టప్ప కట్టప్పగానే మిగిలాడంటాడు. దేవసేన సమ్మక్క అవుతుందా అని ఆలోచిస్తాడు. కాదంటాడు, ఆమె పగ తన ఇంటిదే, సమ్మక్క పోరు ఊరందరిదీ అంటాడు. అతనితో ఒప్పుకోవాలని లేదు. వాదించండి. కానీ ఆ వాదన మన గట్టు మీద నిలబడి చేసిన వాదన.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ చర్చను తరగతిలోంచి తరిమేయకండి. పిల్లలు తమంతట తాము భారతం గురించి మాట్లాడే సందర్భం ఇంతకంటే దొరకదు. మాట్లాడనిచ్చి, రెండు ప్రశ్నలు కలపండి. ఈ కథలో ఎవరి ఊరు ఎక్కడుంది? ఎవరికి పేరు లేదు? ఆ రెండు ప్రశ్నలతో బాహుబలి, అరణ్యపర్వం, మన ఊరి చరిత్ర మూడూ చదవచ్చు. పిల్లవాడు తల్లితో తన భాషలో మాట్లాడుతుంటే నవ్వినవాడిని తిట్టి వదిలెయ్యకండి. ఆ భాషలో ఒక పొడుపుకథ ఆ పిల్లవాడి చేతే వేయించి, నవ్వినవాణ్ణి విప్పమనండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు చెప్పేది ఇంకా చిన్నది. సమ్మక్క సారలమ్మ కథను డోలు మీద పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన వెళ్ళిపోయారు. ఆయన గొంతులో ఉన్నదంతా మనం రాసుకున్నామా? మీ ఊళ్ళో, పక్క ఊళ్ళో పడిగె విప్పి కథ చెప్పగల డోలి, కిక్రి పట్టగల ప్రధాన్, తోటి ఇంకా ఉంటే ఈ సెలవుల్లో వెళ్ళి కూర్చోండి. మీ చేతిలో ఫోన్ ఉంది. సినిమా ముక్కలు దాచుకునే ఆ ఫోన్లో ఆయన గొంతు ఒక గంట దాచండి. ఆయన చెప్పిన పేర్లు ఆయన పలికినట్టే రాయండి.

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి మనం దాదాపు రెండేళ్ళు ఆగాం. జవాబు వస్తుందన్న నమ్మకంతో ఆగాం, వచ్చింది. పడిగె చెప్పే ముసలాయన మాత్రం మన కోసం అన్నాళ్ళు ఆగలేడు.